బొమ్మల దుకాణం వెబ్‌సైటుకు ఏ రంగులు వేయాలి? రంగును బట్టి జనం కొంటారా?

లక్కపిడత (ద్వారకానగర్) · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది ఏటికొప్పాక లక్క బొమ్మల దుకాణం. సంక్రాంతికి, దసరాకు బొమ్మల కొలువు పెట్టేవాళ్లు వస్తారు. పెళ్లిళ్ల రోజుల్లో పంచిపెట్టడానికి కుంకుమ భరిణెలు బాగా పోతాయి. మిగతా రోజుల్లో అరకు వెళ్లే పర్యాటకులే దిక్కు. అందుకని వెబ్‌సైటు పెట్టించాం. జనం వస్తున్నారు, రెండు మూడు బొమ్మలు చూస్తున్నారు, వెళ్లిపోతున్నారు. బుట్టలో వేసినవాళ్లు కూడా డబ్బు కట్టేదాకా రావడం లేదు.

సైటు చేసిన అబ్బాయి పైన ముదురు పసుపు పట్టీ, వెనక లేత ఆకుపచ్చ, ‘కొనండి’ అనే బటన్‌కు నారింజ రంగు వేశాడు. బటన్ ఎర్రగా ఉంటే అమ్మకాలు పెరుగుతాయని పరిశోధనలో తేలిందని మా బావమరిది పట్టుబడుతున్నాడు. సైటంతా నలుపు చేస్తే ఖరీదైన సరుకులా కనిపిస్తుందని మా అమ్మాయి అంటుంది. నీలం చూస్తే నమ్మకం కలుగుతుందని మా ఆవిడ. ఇంట్లో ఎవరి రంగు వారిదే. ఇందులో శాస్త్రం ఎంత, గాలి కబుర్లు ఎంత? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

కొండమీద కోడర్ (మధురవాడ) · సోమవారం రాత్రి 10:15

మీ బావమరిది గారు విన్నది ఎక్కడిదో నాకు తెలుసు. 2011లో హబ్‌స్పాట్ అనే మార్కెటింగ్ సాఫ్ట్‌వేర్ కంపెనీ బ్లాగులో వచ్చిన పరీక్ష అది. పర్‌ఫార్మబుల్ అనే కంపెనీ తన ముఖపేజీలో ఒకే బటన్‌ను కొందరికి ఆకుపచ్చగా, కొందరికి ఎర్రగా చూపించింది. ఎర్ర బటన్‌కు 21 శాతం ఎక్కువ నొక్కులు వచ్చాయి. అక్కడిదాకా నిజమే. అయితే ఆ పేజీ అంతా ఆకుపచ్చ ఛాయల్లో నడిచింది. అంత పచ్చదనంలో ఎర్రగా ఉన్నది ఆ బటన్ ఒక్కటే కాబట్టి కన్ను అటే పోయి ఉంటుంది. పేజీ ఎర్రగా ఉండి ఉంటే ఆకుపచ్చ బటనే గెలిచేదేమో! పరీక్షలోని ఈ సగం మాత్రం ఎవరూ చెప్పరు.

ఒకే రకమైన వాటి మధ్య వేరుగా ఉన్నదే మనసుకు పడుతుందని 1933లోనే హెడ్విగ్ ఫాన్ రెస్టార్ఫ్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త చూపించారు. బటన్ రంగుల గొడవలో సగానికి పైగా ఆవిడ చెప్పిన దాంతోనే తేలిపోతుంది.

మీ సైటు ఇప్పుడే చూశాను. పసుపు పట్టీ, పక్కనే ‘కొత్త సరుకు’ అని నారింజ ముద్ర, ధర నారింజ, బటన్ కూడా నారింజే. బటన్ ఎక్కడుందో ఒక క్షణం వెతుక్కున్నాను. మీరు ఏ రంగైనా వేయండి, ఆ రంగు బటన్‌కు తప్ప పేజీలో మరిదేనికీ వాడకండి.

పాత పోస్టాఫీసు · సోమవారం రాత్రి 10:52

రంగు వల్ల అమ్మకాలు పెరుగుతాయనేది సైట్లు తయారు చేసేవాళ్లు బిల్లు పెంచుకోవడానికి చెప్పే మాట అని నా అనుమానం. నేను లెక్కల మనిషిని, అందుకే అడుగుతున్నాను.

గూగుల్ నీలం కథ అందరూ చెబుతారు. రెండు నీలాల్లో ఏది వాడాలో తేలక 41 ఛాయలను జనం మీద పరీక్షించారట. అక్కడ పని చేసిన డగ్లస్ బౌమన్ అనే డిజైనర్ ఈ ధోరణికి విసిగి 2009లో మానేసి, వెళ్తూ ఆ సంగతి రాశాడు. 2014లో ఆ సంస్థ బ్రిటన్ విభాగం అధిపతి డాన్ కాబ్లీ, సరైన నీలం దొరకడం వల్ల ఏడాదికి 20 కోట్ల డాలర్లు అదనంగా వచ్చాయని చెప్పాడు. సరే. వాళ్ల దగ్గర రోజుకు కోట్ల నొక్కులు పడతాయి. అందులో వెంట్రుకవాసి తేడా కూడా డబ్బుగా మారుతుంది. మన బొమ్మల దుకాణానికి అది ఎలా వర్తిస్తుంది?

లెక్క వేసి చూడండి. సైటుకు వచ్చిన నూరుమందిలో ఇద్దరు కొంటున్నారనుకుందాం. రంగు మార్చాక అది రెండున్నరకు పెరిగిందని, అది కాకతాళీయం కాదని కాస్త నమ్మకంగా చెప్పాలంటే, మామూలుగా వాడే గణాంక సూత్రం ప్రకారం ఒక్కో రంగును సుమారు 14 వేల మందికి చూపించాలి. రెండు రంగులకు 28 వేలు. లక్కపిడత గారి సైటుకు అంతమంది ఎప్పటికి వచ్చేను? ఈ లోగా సంక్రాంతి వెళ్లిపోతుంది, వేసవి సెలవులు వస్తాయి, కొనేవాళ్లే మారిపోతారు. పెరిగినా తగ్గినా అది రంగు మహిమో పండుగ మహిమో ఎవరు చెప్పగలరు?

గోపాలపట్నం గీత · మంగళవారం ఉదయం 8:05

లెక్క ఒప్పుకుంటాను అంకుల్. కానీ పరీక్ష పెట్టుకునే స్తోమత లేదంటే రంగు పని చేయడం లేదని కాదు కదా!

కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయంలో గిట్టె లిండ్‌గార్డ్ బృందం 2006లో ఒక అధ్యయనం ప్రచురించింది. వెబ్ పేజీలను 50 మిల్లీసెకన్లు, అంటే సెకనులో ఇరవయ్యో వంతు మాత్రమే చూపించి, ఎలా ఉన్నాయని అడిగారు. అరసెకను చూసినవాళ్లు చెప్పిన అభిప్రాయానికి, ఇలా మెరుపులా చూసినవాళ్ల అభిప్రాయానికి పెద్ద తేడా రాలేదు. ఆ కాస్త సమయంలో పేజీలో రాసినది చదివే వీలుండదు. రంగులు, పేజీ అమరిక, అది చిందరవందరగా ఉందా శుభ్రంగా ఉందా అన్నదే కంటికి ఆనుతుంది. 2012లో గూగుల్, బాజెల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఇలాంటి పరీక్షే చేస్తే, సాదాగా ఉండి ఆ రకం సైట్లు మామూలుగా ఎలా ఉంటాయో అలాగే ఉన్నవి ఎక్కువ నచ్చాయి. అంటే మొదటి చూపులో రంగుకు వాటా ఉంది, ఒంటరిగా మాత్రం కాదు.

ఇక మీ సైటు. ఈ పూట మద్దిలపాలెంలో బస్సు కోసం నిలబడి ఫోన్లో తెరిచాను. ఉదయపు ఎండే. ‘కొనండి’ అన్న అక్షరాలు కనపడలేదు. నారింజ మీద తెల్ల అక్షరాలు వేస్తే ఇంతే. వెలుగు తేడాను కొలిచే పద్ధతి ఒకటుంది: తెలుపు మీద నలుపుకు 21, తెలుపు మీద తెలుపుకు 1. మామూలు సైజు అక్షరాలకు కనీసం 4.5, పెద్ద అక్షరాలకు 3 ఉండాలని వెబ్ ప్రమాణాలు చెబుతాయి. మామూలు నారింజ మీద తెల్ల అక్షరానికి వచ్చేది 1.97. అదే నారింజ మీద నల్ల అక్షరం వేస్తే 10.6 దాటుతుంది. రంగు మార్చనక్కరలేదు, అక్షరాన్ని నల్లగా చేస్తే చాలు.

బొమ్మల కింద కొలతలు, చెక్క వివరాలు రాసిన బూడిద రంగు కూడా అంతే. తెలుపు మీద #999999 (సైట్లలో రంగులకు రాసే కోడ్ ఇది) వాడారు, దానికి 2.85 వస్తుంది. #777777 దగ్గర 4.48, అక్కడా ఒక వెంట్రుక తక్కువే. #767676కు వచ్చేసరికి 4.54, గట్టెక్కింది. ఆ వివరాలు చదివేది ఎవరు? మనవరాలికి లక్కపిడతలు కొనే తాతయ్య, అమ్మమ్మ. వాళ్లకే కనిపించకపోతే ఎలా?

సీతమ్మధార శారద · మంగళవారం ఉదయం 11:20

శాస్త్రం, లెక్కలు బాగున్నాయి గాని, ఆంధ్రప్రదేశ్‌లో ముదురు పసుపు పట్టీ వేసుకుని కూర్చున్నారు, దాని గురించి ఎవరూ మాట్లాడరేమిటి?

నేను చీరల వ్యాపారం చేస్తాను. పసుపు శుభమని నా పేజీకి పసుపు వేయించాను. వారం తిరక్కుండా ఒక ఖాతాదారు ఫోను చేసి ‘మీరు ఫలానా పార్టీవారా అండీ?’ అని అడిగారు. ఇంకొకరు అడగను కూడా అడగలేదు, మనసులోనే తేల్చేసుకున్నారు. సరేనని నీలం, ఆకుపచ్చ కలిపితే ఇంకో పార్టీ. ఎరుపు, తెలుపు కలిపితే మరొకటి. ఉత్త ఎరుపైతే యూనియన్ ఆఫీసు. కాషాయం సంగతి చెప్పనక్కరలేదు. పంచాయతీ భవనాలకు వేసిన పార్టీ రంగుల మీద 2020లో హైకోర్టు దాకా, అక్కడి నుంచి సుప్రీంకోర్టు దాకా వెళ్లి, చివరికి ఆ రంగులు తీసేయమన్న ఆదేశమే నిలబడిన రాష్ట్రం మనది. ఇంత చరిత్ర ఉన్నచోట అమెరికావాళ్ల రంగుల అర్థాల పట్టిక తెచ్చి ‘పసుపు అంటే ఉల్లాసం’ అంటే ఎవరు వింటారు?

లక్కపిడత గారూ, పసుపు వేయకండి అనడం లేదు. పసుపు పక్కన కుంకుమ రంగు గాని, ముదురు తమలపాకు పచ్చ గాని వేస్తే అది ముత్తైదువ పళ్లెం అవుతుంది. ఒక్క పసుపే పట్టీలా పరిస్తే జెండా అవుతుంది.

వీధి చివర · మంగళవారం ఉదయం 11:48

అక్కా, ఆ ‘ఫలానా పార్టీ’ పేరు చెప్పడానికి భయమెందుకు? అసలు ఈ ఊళ్లో

నిర్వాహకుడు · మంగళవారం ఉదయం 11:55

పై వ్యాఖ్యలో తరువాతి భాగం తొలగించాను. శారద గారు చెప్పింది విషయానికి సంబంధించినదే, ఉంచుతున్నాను. అంతకుమించి రాజకీయం వద్దు. రంగుల గురించే మాట్లాడుకుందాం.

వాల్తేరు వాసి · మంగళవారం మధ్యాహ్నం 2:30

నేను చిన్నప్పుడు రైలింజను నడపాలనుకున్నాను. వైద్య పరీక్షలో చుక్కల పుస్తకం ముందు పెట్టారు. రంగురంగుల చుక్కల్లో దాగిన అంకెను చదవాలి. 1917 ప్రాంతంలో జపాన్ వైద్యుడు ఇషిహారా తయారు చేసినది. నాకు చుక్కలే గాని అంకె కనిపించలేదు. ఎరుపు, ఆకుపచ్చల తేడా నా కంటికి అంతంత మాత్రం. కాబట్టి రైల్వేలో ఆఫీసు పని చేసి రిటైరయ్యాను. పుట్టుకతో వచ్చేది, మగవారిలోనే ఎక్కువ. ఐరోపా మూలాలున్న మగవారిలో నూటికి ఎనిమిది మందికి ఏదో ఒక మోతాదులో ఉంటుందంటారు. ఫేస్‌బుక్ పెట్టిన జుకర్‌బర్గ్‌కూ ఉంది. నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది నీలమే అని ఆయన 2010లో ఒక పత్రికకు చెప్పాడు.

ఇప్పుడు మీ సైటులో నేను చూసింది చెబుతాను. ప్రతి బొమ్మ పక్కన గుండ్రటి చుక్క ఉంది. ఆకుపచ్చ అయితే సరుకు ఉన్నట్టు, ఎరుపు అయితే అయిపోయినట్టు అని మా కోడలు చెబితే తెలిసింది. నాకు అన్నీ ఒకే మట్టి రంగు చుక్కలు. ఎడ్లబండి బొమ్మ నొక్కాను, లోపలికి వెళ్లాక ‘లేదు’ అంది. బొంగరాల జత నొక్కాను, అదీ లేదు. మూడోది నొక్కలేదు.

చిరునామా పేజీలో పిన్‌కోడ్ తప్పు కొడితే గడి చుట్టూ గీత ఎర్రబడుతుందట. నాకు గీత కనిపించింది, ఎర్రబడడం కనిపించలేదు. ఎందుకు ముందుకు పోవడం లేదో తెలియక ఫోను పక్కన పెట్టేశాను.

కొండమీద కోడర్ · మంగళవారం మధ్యాహ్నం 3:10

మాస్టారూ, ఇది అసలైన సమాచారం. గీత చెప్పిన కొలతతోనే చూద్దాం. శుద్ధమైన ఎరుపుకు, #008000 ఆకుపచ్చకు మధ్య వెలుగు తేడా 1.28 మాత్రమే. రంగు తీసేస్తే రెండూ దాదాపు ఒకే బూడిద. రంగు తెలిసినవాళ్లకు అవి ఎదురెదురు రంగులు, తెలియనివాళ్లకు కవలలు. రంగు ఒక్కదాని మీదే సమాచారం మోపకూడదని వెబ్ ప్రమాణాల్లో విడిగా ఒక నియమమే ఉంది. చుక్క పక్కన ‘ఉంది’, ‘అయిపోయింది’ అని రాయాలి. గడి ఎర్రబడితే చాలదు, ‘పిన్‌కోడ్‌లో ఆరు అంకెలు ఉండాలి’ అని కింద రావాలి.

సీతమ్మధార శారద · మంగళవారం మధ్యాహ్నం 3:25

ఆ ఆకుపచ్చ చుక్క చుట్టూ చతురస్రం కూడా గీశారు. నేను శాకాహార ముద్ర అనుకున్నాను! చెక్క గుర్రం శాకాహారమే లెండి, గడ్డి తింటుంది.

వాల్తేరు వాసి · మంగళవారం మధ్యాహ్నం 3:41

అమ్మా, ఆ ముద్రతోనూ మాకు తంటాయే. శాకాహారానికి ఆకుపచ్చ చుక్క, మాంసాహారానికి గోధుమ చుక్క ఉండేవి. రెండూ నాకొకటే. 2020 నాటి నిబంధనల్లో గోధుమ చుక్కను త్రిభుజం చేశారు. అప్పటి నుంచి బిస్కెట్ పొట్లం కూడా నేనే చదువుకుంటున్నాను.

లక్కపిడత · మంగళవారం రాత్రి 8:50

ఇంత ఓపికగా చూసి చెబుతున్నందుకు అందరికీ ధన్యవాదాలు. చుక్కల సంగతి రేపే మార్పిస్తాను. ఇంకో సందేహం. దుకాణంలో చేతిలోకి తీసుకుంటే ‘అబ్బ, ఎంత బాగుంది’ అనే బొమ్మ, సైటులో చూస్తే వెలిసిపోయినట్టు ఉంటోంది. ఏటికొప్పాకలో వాడేవి సహజ రంగులు. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్కను అదిమితే ఆ వేడికి కరిగి పట్టుకుంటుంది. ప్లాస్టిక్ బొమ్మల్లా కళ్లలో పొడిచే రంగులు కావు, అదే వాటి అందం. ఆ అందం తెర మీద రావడం లేదు. పోయిన నెల ఒకాయన, ఫొటోలో ఉన్న రంగు కాదని వెనక్కి పంపాడు. ఖరీదైన కెమెరా కొనమంటారా?

మద్దిలపాలెం మాస్టారు · మంగళవారం రాత్రి 9:35

కెమెరా కొనకండి నాయనా. ముందు ఒక కథ వినండి, బొమ్మలు వేయడం నేర్పించిన రోజుల్లో పిల్లలకు చెప్పేవాణ్ణి.

పారిస్‌లో గోబ్లాన్ అని రాజుగారి నేత కార్ఖానా ఉండేది. గోడకు వేలాడదీసే చిత్రాల తివాచీలు నేసేవారు. 1824లో అక్కడి అద్దకం విభాగానికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రవేత్తను పెట్టారు. నేతవారు వచ్చి, మీ నల్ల రంగు నాసిగా ఉంది, ముఖ్యంగా నీలం, ఊదా నీడల్లో నేస్తే వెలవెలబోతోంది అని ఫిర్యాదు చేశారు. ఆయన ఇతర చోట్ల నుంచి మంచి నల్ల నూలు తెప్పించి పోల్చి చూశాడు. తమ నలుపులో లోపమేమీ లేదు. పక్కనున్న నీలమే దాన్ని నీరసంగా చూపిస్తోంది! ఏ రంగైనా తన పక్కనున్న దాన్ని తనకు ఎదురు రంగు వైపు తోస్తుందని గ్రహించి, 1839లో దాని మీద పెద్ద గ్రంథమే రాశాడు. ఆ మనిషి నూరేళ్లు దాటి బతికాడు. రంగుల గొడవలో పడ్డవాడికి దీర్ఘాయుష్షు అనుకోండి.

మీ సైటులో జరుగుతున్నదీ అదే. వెనక లేత ఆకుపచ్చ పరిచారు. అది మీ పచ్చ చిలకను చప్పగా చేస్తుంది, పసుపు బుట్టబొమ్మను నారింజ వైపు తోస్తుంది. పైన ఉన్న పట్టీ గాఢమైన పసుపు. దాని కింద పసుపు కొమ్ముతో చేసిన రంగు ఏం నిలబడుతుంది? రసాయన రంగు పక్కన సహజ రంగును కూర్చోబెట్టి, సహజ రంగు వెలిసిపోయిందంటున్నారు. ఆ పట్టీ తీసేయండి. వెనక ఆకుపచ్చ కూడా. పాలమీగడ తెలుపు గాని, చాలా లేత బూడిద గాని ఉంచండి. పేజీలో రంగు అంటూ ఉంటే అది బొమ్మదే కావాలి.

ఫొటో సంగతి. మీరు ట్యూబ్‌లైటు కింద తీస్తున్నారు, తెల్ల గుడ్డ కూడా ఫొటోలో పచ్చగా పడింది, చూశాను. ఉదయం తొమ్మిది పది గంటల వేళ, నేరుగా ఎండ పడని ఉత్తరపు కిటికీ దగ్గర, పక్కన తెల్ల కాగితం పెట్టి తీయండి. ఫొటోలో ఆ కాగితం తెల్లగా వచ్చేలా సరిచేస్తే బొమ్మ రంగు దానంతటదే దారికి వస్తుంది. లైట్లన్నీ ఆర్పేయండి. రెండు రకాల వెలుగు కలిస్తే ఎవరూ సరిచేయలేరు.

గోపాలపట్నం గీత · మంగళవారం రాత్రి 10:02

మాస్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. కొందరు తమ ఫోన్లలో తెరను ‘వివిడ్’ అమరికలో పెట్టుకుంటారు, అందులో ప్రతి రంగూ రెచ్చిపోతుంది. మనం ఎంత జాగ్రత్తగా తీసినా అక్కడ మన చేయి ఆడదు. అందుకే ప్రతి బొమ్మకు ఒక ఫొటో మనిషి చేతిలో పట్టుకున్నట్టు తీయండి. చేతి చర్మం రంగు ఎలా ఉండాలో అందరికీ తెలుసు. చేయి ఎర్రగా కనబడితే బొమ్మ కూడా కాస్త ఎక్కువ ఎర్రగా కనబడుతోందని చూసేవాళ్లే సర్దుకుంటారు.

దూరతీరం (పుట్టింది పెదవాల్తేరు, ఉండేది న్యూజెర్సీ) · బుధవారం ఉదయం 6:15

నేను కొనేవాళ్ల వైపు నుంచి మాట్లాడతాను. పోయిన ఏడాది పిల్లల కొలువు కోసం ఇక్కడి నుంచి వెతికాను. విశాఖ పేరుతో కనిపించిన సైట్లలో చాలా వాటికి సముద్రపు నీలమే. హోటలుకూ నీలం, రొయ్యల ఎగుమతికీ నీలం, డెంటల్ క్లినిక్‌కూ నీలం. నమ్మకం మాట దేవుడెరుగు, మూసేశాక ఏది ఏదో గుర్తు లేదు. కాబట్టి వదిన గారు చెప్పిన నీలానికి నా ఓటు లేదు. పైగా 1993లో మొజాయిక్ బ్రౌజర్ లింకులను నీలంగా చూపించినప్పటి నుంచి నీలి అక్షరం కనిపిస్తే నొక్కడానికి వేలు వెళ్తుంది. మీ సైటులో బొమ్మల పేర్లు నీలంగా ఉన్నాయి, నొక్కితే ఏమీ కాదు. రెండుసార్లు నొక్కి, సైటు పాడైందనుకున్నాను.

రంగు అర్థం దేశాన్ని బట్టి మారుతుంది కూడా. మన దగ్గర షేరు పడితే ఎరుపు. నా చైనా సహోద్యోగి తెర మీద పెరిగితే ఎరుపు! పక్కపక్కన కూర్చుని, ఒకే ఎరుపు చూసి ఒకరం దిగులుపడతాం, ఒకరం సంతోషిస్తాం.

సీతమ్మధార శారద · బుధవారం ఉదయం 9:30

నలుపు గురించి ఎవరూ చెప్పలేదు. అమ్మాయి చెప్పింది తీసిపారేయలేం. నలుపు మీద బంగారు రంగు అక్షరాలతో నగల సైట్లు, వాచీల సైట్లు నిజంగానే దర్జాగా ఉంటాయి. కానీ మీ దగ్గర కొనేది పసుపు కుంకుమల భరిణె, పెళ్లిలో పంచే వస్తువు. శుభకార్యానికి వస్తువు ఎంచుకోవడానికి కూర్చున్న పెద్దావిడ ముందు నల్లటి పేజీ తెరుచుకుంటే ఆవిడ నోటితో ఏమీ అనదు, వేలితో వెనక్కి నొక్కుతుంది. వస్తువును బట్టి, కొనేవారిని బట్టి.

గోపాలపట్నం గీత · బుధవారం ఉదయం 9:44

మా తరం పెళ్లి కార్డులే నలుపు మీద వస్తున్నాయి శారదక్కా, ఆ పట్టింపు పోతోంది. అయినా ఈ సైటుకు నేనూ నలుపు వద్దంటాను, వేరే కారణంతో. నలుపు మీద అంకుడు కర్ర బొమ్మ దీపం కింద పెట్టిన పురావస్తువులా ఉంటుంది. పిల్లలు ఆడుకునే వస్తువులా కనబడదు.

పాత పోస్టాఫీసు · బుధవారం మధ్యాహ్నం 1:15

మీరంతా రంగులు చూస్తున్నారు, నేను డబ్బు కట్టే పేజీదాకా వెళ్లి వచ్చాను. బుట్టలో వేసినవాళ్లు ఎందుకు పారిపోతున్నారో నాకు దొరికింది.

ఏనుగు బొమ్మ ఒకటి వేశాను. ధర పెద్ద నారింజ అక్షరాల్లో. బుట్టలోనూ అదే ధర. చిరునామా రాశాను, ఫోను నంబరు ఇచ్చాను, ఇక డబ్బు కట్టడమే అన్నప్పుడు మొత్తం పెరిగింది. ఎందుకా అని వెతికితే, అన్నిటికంటే కింద, లేత బూడిద రంగులో, చీమ తలంత అక్షరాల్లో ‘రవాణా, ప్యాకింగ్’. బొమ్మ ధరలో దాదాపు సగం! ముందే చెబితే ఇంకో రెండు బొమ్మలు కలిపి తెప్పించుకునేవాణ్ణి. చివర్లో కనిపించేసరికి మోసపోతున్నట్టు అనిపించింది. ‘వద్దు, వెనక్కి వెళ్లండి’ అన్న బటన్ కూడా తెలుపు మీద దాదాపు తెలుపే.

ఇది మీరు కావాలని చేసినది కాదని తెలుసు. కానీ మన దేశంలో దీనికి ఇప్పుడు పేరూ ఉంది, నిబంధనా ఉంది. 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ‘డార్క్ ప్యాటర్న్’ల మీద, అంటే కొనేవాళ్లను ఏమార్చే సైటు ఏర్పాట్ల మీద, మార్గదర్శకాలు ఇచ్చింది. 13 రకాలు చెప్పారు. అసలు ధరను చివరిదాకా దాచి విడతలుగా బయటపెట్టడం ఒకటి. ఒక బటన్‌ను మెరిపించి మరొకదాన్ని వెలవెలబోయేలా చేసి, చూసేవాళ్లను దారి తప్పించడం ఇంకొకటి. నాకు ఒక టికెట్ల సైటులో బీమా అలాగే అంటగట్టారు. ‘బీమా వద్దు’ అన్నది కళ్లజోడు పెట్టుకున్నా కనపడని రంగులో ఉంది. అప్పటి నుంచి ఏ సైటులోనైనా ముందు బూడిద అక్షరాలే చదువుతాను. అసలు సంగతులు అక్కడే ఉంటాయి.

రంగు పని చేయదని సోమవారం అన్నాను. దాచడానికి మాత్రం భేషుగ్గా పని చేస్తుంది.

లక్కపిడత · బుధవారం రాత్రి 9:10

ఆ పేజీ తయారు రకంగా దొరికే టెంప్లేట్‌తో వచ్చిందట. ‘అలాగే ఉంటుంది సార్, అందరూ అంతే’ అన్నాడు సైటు చేసిన అబ్బాయి. అందరూ అంతే అయితే మనం వేరుగా ఉందాం అన్నాను. ఫాన్ రెస్టార్ఫ్ గారి పేరు చెప్పలేదు, నోరు తిరగదు. రవాణా ఖర్చు ఇకపై బొమ్మ పేజీలోనే, ధర కిందనే, అదే నలుపులో, అదే సైజులో వస్తుంది. ఇంతకు మించి కొంటే రవాణా ఉచితం అన్నది కూడా అక్కడే రాయిస్తున్నాను.

పసుపు పట్టీ తీసేశాం. వెనక మీగడ తెలుపు. బొమ్మల పేర్లు నలుపు. బటన్ ఒక్కటే కుంకుమ రంగు. ఎరుపు గెలిచిందని మా బావమరిది సంబరం! కాదని చెప్పడం మానేశాను. కోడర్ గారూ, బటన్ మీద తెల్ల అక్షరం చాలునా?

కొండమీద కోడర్ · బుధవారం రాత్రి 9:32

మీరు వాడింది #800000, తెల్ల అక్షరంతో 10.9 వస్తోంది. బ్రహ్మాండం. శుద్ధమైన ఎరుపు వేసి ఉంటే 4 దగ్గరే ఆగేది.

ఇంకొకటి. పేజీ తెరుచుకోవడానికి చాలా సేపు పడుతోంది. వేచి ఉండే సమయంలో తెర నీలంగా ఉంటే, పసుపు, ఎరుపుల కంటే త్వరగా తెరుచుకున్నట్టు అనిపిస్తుందని 2004లో గోర్న్, చటోపాధ్యాయ మరికొందరు కలిసి ఒక అధ్యయనం ప్రచురించారు. వదిన గారి నీలాన్ని అక్కడ పెట్టవచ్చు గాని, నన్నడిగితే ఫొటోల సైజు తగ్గించండి. నిజంగానే త్వరగా తెరుచుకుంటుంది.

వాల్తేరు వాసి · గురువారం ఉదయం 10:20

ఇప్పుడే చూశాను. ‘ఉంది’, ‘అయిపోయింది’ అని పక్కన రాశారు, చదవగలిగాను. పిన్‌కోడ్ కావాలనే తప్పు కొట్టాను, ఏం తప్పో చెప్పింది. బటన్ నాకు ముదురు గోధుమలా కనిపిస్తోంది, అయినా ఫరవాలేదు, పేజీలో అంత ముదురుగా ఉన్నది అదొక్కటే. కానీ తగ్గింపు ధర పక్కన కొట్టివేసిన పాత ధర ఉంది చూడండి, అది ఇంకా పాత బూడిదలోనే ఉంది. కొట్టివేత గీత మాత్రమే కనిపిస్తోంది, అంకె లేదు.

లక్కపిడత · గురువారం ఉదయం 10:46

దాన్ని కూడా #767676 చేయమని ఇప్పుడే చెప్పాను. మీరు అడిగిన ఎడ్లబండి శనివారానికి వస్తుందండీ, ‘ఉంది’ అని మారగానే ఇక్కడే రాస్తాను.